దిగే అంకె

2023 వేసవి. నంద్యాలలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో టెక్నీషియన్‌గా చేరి అప్పటికి ఏడాది. నా పని టీఎంటీ గదిలో. ఛాతీకి తీగలు అంటించి, కదిలే పట్టీ మీద మనిషిని నడిపిస్తూ గుండె తీరు చూసే పరీక్ష అది. కొత్తవాళ్లతో మాట్లాడాలంటే నాకు బెరుకు. "నడవండి", "ఆపుతున్నా" అనే రెండు మాటలతోనే రోజు గడిపేదాన్ని.

ఆ రోజు ఆళ్లగడ్డ నుంచి ఓబులేసు అనే శిల్పి భార్య సుబ్బమ్మతో వచ్చాడు. కూతురు కొనిచ్చిన చేతి గడియారం గుండె వేగం చూపిస్తుందట. కొన్నాళ్ల కిందట ఒక పొద్దున గబగబా నడిచి చూసుకుంటే నూట నలభై. ఆ దెబ్బకు నడక మానేశాడు, ఉలి ముట్టుకోవడమూ మానేశాడు.

"సగం చెక్కిన నంది ముఖం లేకుండా కూర్చోనుంది. ఈయప్ప మంచం దిగడు" అంది సుబ్బమ్మ.

"నీకేం, గుండె నాది గదా!"

పట్టీ కదిలింది. డాక్టరు మేడమ్ తెర చూస్తున్నారు. కాసేపటికి ఓబులేసు రొప్పుతూ నావైపు తిరిగాడు.

"ఏందీ పాపా, ఇంతసేపు నడిపిస్తాండావ్, ఊరేమో రాకపాయె!"

"నడువు, గడివేముల వచ్చినాక టీ తాపిస్తా" అంది సుబ్బమ్మ.

పట్టీ ఆగేసరికి తెర మీద నూట నలభై ఎనిమిది. ఆయన ముఖం పాలిపోయింది.

"అయిపాయె. రాయిని ఒక్క దెబ్బ కొడితే లోపల పగులుందో లేదో మోతే చెప్తది. నా గుండె పగిలిన రాయే."

మేడమ్ ఈసీజీ కాగితం పరిశీలిస్తున్నారు. నాకే తెలియకుండా నోరు తెరిచాను.

"పెద్దనాయనా, ఆ పొద్దున గడియారం ఎంతసేపు చూసినావ్?"

"యాడ పాపా! నూట నలభై చూస్తానే గడియారం ఊడదీసి పారేసినా."

నవ్వు ఆపుకుని తెరను ఆయన వైపు తిప్పాను. "రాయి దెబ్బ పడంగానే చెప్తది. గుండె మాత్రం మనం నడక ఆపినాక చెప్తది. చూడు."

నూట ముప్పై. నూట పదహైదు. వంద దగ్గరకొచ్చింది.

"ఒసే, దిగుతాండదే!" అంటూ భార్య చెయ్యి పట్టుకున్నాడు.

మేడమ్ తలెత్తారు. "పరీక్ష బాగుంది. శ్రమపడితే వేగం పెరగడం మామూలే. కూర్చున్నాక కూడా దిగకపోయినా, ఛాతీ పట్టేసినా, కళ్లు తిరిగినా, కొట్టుకోవడం లయ తప్పినా ఆలస్యం చేయకుండా రండి."

"విన్నావు గదా" అంది సుబ్బమ్మ. "రేపు ఆ నందికి ముఖం పెట్టకపోతే ఈసారి అంకె ఎక్కేది నా గుండెకు!"

ఫలితం చెప్పాల్సింది డాక్టరే. అయినా ఆ రోజు నుంచి పట్టీ ఆపగానే తెరను మనిషి వైపు తిప్పుతున్నాను. చాలామంది భయం మొదటి నిమిషం దగ్గరే ఆగిపోయి ఉంటుంది. దాన్ని రెండో నిమిషం దాకా నడిపించడానికి పక్కనున్నవాళ్లు నోరు విప్పాలి.