గంగాళంలోని తమ్ముడు

ఇత్తడిని చింతపండుతో తోమేటప్పుడు వచ్చే ఆ పుల్లటి చిలుము వాసన ముక్కుకు తగిలితే చాలు, నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. దీపావళి తలంటుకని మొన్న అటక మీది గంగాళం దించి తోముతుంటే, తొండియార్‌పేటలోని మా పాత ఇల్లూ, ఆ ఇంటి వరండాలో కాళ్ళు చాపుకుని కూర్చున్న అవ్వా, అంటే మా నాయనమ్మ, వద్దన్నా గుర్తుకొచ్చారు.

ఎండాకాలం కొత్త చింతపండు దిగగానే అవ్వ వరండాలో గోనెపట్టా పరిచి, గింజలు తీస్తూ, ఉప్పు కలిపి ఉండలు చేస్తూ, హార్బరు వైపు నుంచి చేపల వాసన మోసుకొచ్చే గాలిని తిట్టుకుంటూ, చుట్టూ చేరిన పిల్లలకు తన చిన్నతనం చెప్పేది. నెల్లూరు వైపు సముద్రపు ఒడ్డున ఉప్పు మడుల్లో వాళ్ళ నాన్న కూలి. ఉప్పెన వచ్చిననాడు అవ్వ, అప్పటికి ఇంకా ఓణీ వేయని పిల్ల, తమ్ముణ్ణి ఈ గంగాళంలోనే కూర్చోబెట్టి గొంతు లోతు నీళ్ళలో తోసుకుంటూ దిబ్బ మీదికి చేర్చింది. ఆ తర్వాత వారానికే వాడు జ్వరంతో పోయాడు. అక్కడికి వచ్చేసరికి చేతిలో గింజను దూరంగా విసిరేసి, "నీళ్ళు ఇడిసిపెట్టినా జరం ఇడిసిపెట్టలా" అనేది.

నాయన సినిమావాళ్ళకు రాతపనులు చేసేవాడు. పేరున్నవాళ్ళు వయసు మళ్ళాక తమ జీవితం పుస్తకంగా చూసుకోవాలనుకుంటే ఆయన్ను పిలిపించేవారు. వాళ్ళు చెప్పేవారు, ఈయన 'నేను' అంటూ రాసేవాడు, అట్ట మీద పేరు వాళ్ళది. ఒక ఆదివారం తలంటు పోసుకుని, వడలు తింటూ తీరిగ్గా ఉన్నప్పుడు ఆ పుస్తకాల్లో రకాలు నాకు విడమరిచాడు.

"ఒకరి గురించి ఇంకొకరు రాస్తే జీవిత చరిత్ర. తన గురించి తానే రాసుకుంటే ఆత్మకథ."

"మరి అవ్వ చెప్పేది?"

"అదా, అది సోది," అని నవ్వాడు.

ఒకరిది ఇంకొకరు రాసి, తానే రాసుకున్నట్టు అచ్చు వేస్తే దాన్నేమంటారో మాత్రం చెప్పలేదు.

ఆ వరుసలో ఒక పెద్ద నటుడికి చిన్నతనం గురించి చెప్పుకోవడానికి ఏమీ లేకపోయింది. తిన్నాను, తిరిగాను అన్నాడట. పుస్తకం అచ్చయి ఇంటికొచ్చాక, బడిలో తమిళం చదువుతూ ఇంట్లో తెలుగు కూడబలుక్కుంటున్న నేను, నా చదువు చూపించుకోవాలని అవ్వ ముందు కూర్చుని గట్టిగా చదివాను. ఉప్పెన వచ్చింది. గంగాళం వచ్చింది. తమ్ముడూ వచ్చాడు, కాకపోతే అందులో వాడికి జ్వరం రాలేదు, పెరిగి పెద్దవాడై పెళ్ళాం పిల్లలతో సుఖంగా ఉన్నాడు. చింతపండు మీద అవ్వ చేయి ఆగిపోయింది.

సాయంత్రం నాయన ఇంకా చెప్పులు విడవకముందే అడిగింది.

"నీ రాతకు నా తమ్ముడే దొరికినాడేంరా?"

"కతకు అందంగా ఉంటాదని పెట్టినానమ్మా. ఆడ నీ పేరేం రాయలేదు గదా," అన్నాడు.

పేరు రాయకపోవడమే అన్యాయమని ఆయనకు తోచలేదు. మనిషి చెడ్డవాడు కాడు, అదే నాకు ఎక్కువ కోపం.

పుస్తకం బాగా అమ్ముడుపోయింది. కుళాయి దగ్గర బిందెల వరసలో అవ్వ ఎప్పటిలా ఉప్పెన సంగతి ఎత్తగానే పక్కింటావిడ నవ్వింది.

"అది ఆ యాక్టరు కత గదా అవ్వా. పుస్తకం మా ఇంట్లో ఉండాది."

అవ్వ సగం నిండిన బిందె ఎత్తుకుని వచ్చేసింది. ఆ తర్వాత ఎన్ని ఎండాకాలాలు వచ్చినా చింతపండు ఒలిచిందే గానీ తమ్ముడి ఊసెత్తలేదు. అలాగే కన్నుమూసింది.

ఇప్పుడు ఆ వరండా లేదు, అక్కడ అపార్ట్‌మెంట్లు లేచాయి. చింతపండు పురసవాక్కం అంగట్లో గింజ తీసి, ప్యాకెట్లో కట్టి అమ్ముతున్నారు. నాయన రాసిన ఆత్మకథలు ఇంకా అమ్ముడవుతున్నాయి, ఏ ఒక్కదానిలోనూ ఆయన పేరు లేదు. మొన్న గంగాళం తోముతూ, కాలేజీలో చదివే నా కూతురికి అవ్వ కథ మొదలుపెట్టాను. అది ఫోన్లోంచి తలెత్తి, తెలుగులో తమిళం కలిపి అడిగింది.

"అమ్మా, ఇది ఆ యాక్టర్ స్టోరీ దానే? ఏదో పాత వీడియోలో ఆయనే ఏడ్చుకుంటా చెప్తాడు."

"కాదు, మా అవ్వది. ఆ గంగాళం ఇదే."

"అయ్యో, ఇట్లాంటిది అప్పట్లో అందరిండ్లల్లో ఉంటాది గదమ్మా."

నిజమే, గంగాళాలు అందరిళ్ళలోనూ ఉండేవి. అవ్వకు తమ్ముడే ఒక్కడు.