వెనక సీట్లో మా ఆయన

ఆ రోజుల్లో మా వైపు ఎర్రబస్సుల్లో ఆడవాళ్ళు ముందు కూర్చునేవాళ్ళు, మగవాళ్ళు వెనక. టికెట్లు మగవాళ్ళే తీసుకునేవాళ్ళు. కండక్టరు ముందుకొచ్చి "టికెట్, టికెట్" అంటే ఆడవాళ్ళు కొంగు కూడా కదపకుండా గడ్డం వెనక్కి తిప్పి చూపించేవాళ్ళు. "ఎనక తీసిండ్రు" అనేది ఒకామె. ఇంకొకామె ఆ మాట కూడా అనేది కాదు, గడ్డం ఒక్కటే తిప్పేది. ఆ తిప్పడంలో ఎంత ధీమా ఉండేదో! చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. నేను గడ్డం తిప్పితే వెనక పలికే మనిషి లేడు మరి.

నేను ములకలపల్లి దగ్గర ఆడపిల్లల హాస్టల్ బడిలో కుట్టు టీచర్‌గా పనిచేశాను. మా నాయన బొగ్గుబాయి కార్మికుడు. అన్నదీ బాయి పనే. పాల్వంచలో షిఫ్టు డ్యూటీ చేసే మనిషికి నన్నిచ్చి పెళ్ళి చేశారు. నాలుగేళ్ళు ఆయన క్వార్టర్లో కాపురం చేశాను. ఐదో ఏడు జ్వరం వచ్చి పుట్టింటికి పోయి, మూడు వారాలుండి తిరిగి వెళితే తలుపు ఇంకొకామె తీసింది. నేను కుట్టుకున్న జాకెట్టు వేసుకుని ఉంది. అది ఆమెకు భుజాల దగ్గర వదులైంది. కుట్టుపనిదాన్ని గదా, అంత కష్టంలోనూ నా కన్ను ముందు అక్కడికే పోయింది. ఆయన ఇంట్లోనే ఉన్నాడు. లోపల్నుంచి దగ్గాడు గానీ బయటికి రాలేదు.

కుట్టు టీచర్ ఉద్యోగం ఆ తర్వాతే దొరికింది. కేసు కూడా అప్పుడే వేశాం. కొత్తగూడెంలో మొదటి మూడు వాయిదాలకు అన్న నా వెంట వచ్చాడు. నాలుగోదానికి, "లీవు దొరకది చెల్లే, ఈ ఒక్కసారికి నువ్వే పోయిరా" అన్నాడు. లీవు దొరక్క కాదు. మొగుడు వదిలేసిన చెల్లెలి పక్కన కోర్టు వరండాలో కూర్చోవడం అన్నకు నామోషీ. ఆ ఒక్కసారి తర్వాత నేనూ అడగలేదు, ఆయనా రాలేదు.

అలా ఇరవై ఏడేళ్ళ వయసులో మొదటిసారి ఒక్కదాన్నే బస్సెక్కాను. చేతిలో సంచి, సంచిలో కాగితాలు, దారిలో కుట్టుకోవడానికి ఒక రవిక ముక్క. కూర్చోగానే పక్కనున్న పెద్దావిడ అడిగింది.

"ఎంబడి ఎవరొచ్చిండ్రు బిడ్డా?"

పేరు తర్వాత అడుగుతారు, ఊరు తర్వాత అడుగుతారు, ముందు ఇది అడుగుతారు. ఎవరూ రాలేదంటే ఏమవుతుందో నాకు తెలుసు. అయ్యో అంటుంది, మెడలోకి చూస్తుంది, పిల్లలెంతమంది అంటుంది, మీ ఆయన ఏం చేస్తడు అంటుంది. నేను దిగేలోపు నా కాపురాన్నంతా బస్సులో ఆరేస్తుంది. నోట్లోంచి దానంతటదే వచ్చేసింది.

"మా ఆయన. ఎనక కూసున్నడు."

పెద్దావిడ తృప్తిగా తలూపి, కొంచెం జరిగి, నాకు బాగా చోటిచ్చింది. ఇంకొక్క ప్రశ్న అడగలేదు. ఎవరి మీద కేసు వేసి కోర్టుకు పోతున్నానో ఆ మనిషినే వెనక సీట్లో కూర్చోబెట్టి మర్యాద సంపాదించుకున్నాను. ఆ రోజు వాయిదాకు ఆయన రానేలేదు.

అబద్ధం ఆడటం తేలిక. టికెట్ దగ్గరే దొరికిపోయేదాన్ని. వెనక మొగుడున్న ఆడది తన టికెట్ తాను తీసుకుంటే చూసేవాళ్ళేమనుకుంటారు? "ఆయనకు పాస్ ఉంది" అనేదాన్ని. "చిల్లర నా దగ్గరున్నది" అనేదాన్ని. ఒక్కోసారి బస్సు నిండకముందే ఎక్కి, కండక్టర్ని పిలిచి టికెట్ కొట్టించుకుని రవికలో దాచుకునేదాన్ని, ఏదో దొంగతనం చేసినట్టు. ఒకసారి ఒక కొత్త కండక్టరు, పాపం మంచివాడే, నేను పక్కామెతో అంటున్న మాట విన్నాడు. నేను చాపిన నోటు తీసుకోకుండా వెనక్కి తిరిగి గట్టిగా కేక వేశాడు.

"ముంగట కూసున్న అమ్మ ఇంటాయన ఎవరయ్యా? జల్దీ టికెట్ తీస్కో!"

బస్సంతా వెనక్కి తిరిగి చూసింది. నేనూ చూశాను, చూడకపోతే బాగుండదు గదా. అంతమంది మగవాళ్ళలో ఒక్కడూ పలకలేదు. "పండుకున్నట్టున్నడు" అన్నాను. ఎవరో కిసుక్కున నవ్వారు. నా టికెట్ నేను తీసుకుని దిగేదాకా తలెత్తలేదు. ఆ నవ్విన గొంతు ఇవాళ వినిపించినా గుర్తుపడతాను.

కేసు మూడేళ్ళు నడిచి, విడిపోయినట్టు కాగితం వచ్చింది. ఆ నెల రెండో శనివారం పొద్దున్నే లేచి, తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని, చెప్పులు వేసుకున్నాక గుర్తొచ్చింది, ప్రతి రెండో శనివారం లాగా కొత్తగూడెంలో లాయరు ఇంటికి పోవలసిన పని ఇక లేదని. మళ్ళీ ఆ గదిలో కూర్చోబుద్ధి కాలేదు. సెలవులకు పిల్లలంతా ఇళ్ళకు పోతే హాస్టల్లో మిగిలేది నేను, మూలన పాత కుట్టుమిషను. రోడ్డు మీదికి పోయి, వచ్చిన మొదటి బస్సు ఎక్కాను. అది పాల్వంచ పోయింది. ఆయన ఉండే ఊళ్ళో నిలబడటం ఇష్టం లేక, పక్కన బయల్దేరబోతున్న ఇంకో బస్సెక్కాను.

"ఎక్కడికమ్మా?" అన్నాడు కండక్టరు.

"ఇది ఎక్కడి దాకా పోతది?"

"పినపాక."

"అయితే పినపాకే ఇయ్యి."

ఆయన నన్నొకసారి ఎగాదిగా చూసి, టికెట్ కొడుతూనే, "పినపాకల ఎవరింటికి?" అన్నాడు. పక్కామె చెవి కూడా ఇటు తిరిగింది. "మా ఆయన చుట్టాలింటికి" అన్నాను. లేని మొగుడికి లేని చుట్టాలు!

ఎండాకాలం మొదలవుతోంది. ఇప్పచెట్ల కింద నేలంతా ఊడ్చి పూలు ఏరుతున్నారు. ఆ తీపి వాసన కిటికీలోంచి వచ్చి ముఖానికి తగులుతోంది. పినపాకలో దిగి, కొట్టులో టీ తాగి, మళ్ళీ అదే బస్సులో తిరిగొచ్చాను. చేసింది అంతే. కానీ ఆ రోజంతా నేను ఎవరికీ అన్నం పెట్టలేదు, ఎవరి ముఖం చూసి మాట్లాడలేదు, ఎవరికోసం తొందరపడలేదు. ఆయనతో ప్రయాణాలు చేసినప్పుడు ఎక్కడ దిగాలో కూడా నాకు తెలిసేది కాదు. దిగే చోటు రాగానే వెనకనుంచి నాలుకతో టక్ టక్ అని చప్పుడు చేసేవాడు. ఎద్దును అదిలించడానికి చేస్తారే, అదే. నేను లేచి దిగేదాన్ని. నాలుగేళ్ళు ఆ చప్పుడుకు లేచాను. పినపాక నుంచి వస్తుంటే నా అంతట నేను, నాకిష్టమైన చోట లేవచ్చు గదా అనిపించింది. ఆ సంతోషానికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పక్కామె చూసి, "దుమ్ము పడ్డదా?" అంది.

అప్పట్నుంచి అలవాటైంది. రెండో శనివారం వస్తే బస్సే. ఒక నెల కిన్నెరసాని, ఒక నెల మణుగూరు, ఎక్కువగా భద్రాచలం. భద్రాచలం పోతున్నానంటే అందరూ నాకు భక్తి అనుకునేవాళ్ళు. గుళ్ళోకి పోయింది తక్కువ. అర్చన చేయించుకుందామన్నా గోత్రం అడుగుతారు, ఏ గోత్రం చెప్పను? గోదావరి మెట్ల మీద కూర్చునేదాన్ని. వేసవిలో నీళ్ళు దూరం జరిగిపోయి ఇసుక తేలేది. ఎండ తగ్గాక ఆ ఇసుకలో చెప్పులు చేత్తో పట్టుకుని నడిచేదాన్ని. నాతో నేను మాట్లాడుకునేదాన్ని కూడా. నేను తమాషా మనిషినని అప్పుడే తెలిసింది నాకు. నా మాటలకు నాకే నవ్వొచ్చేది. అంతకుముందు నా మాట విని నవ్వినవాళ్ళు ఎవరూ లేరు మరి.

కానీ ఆ లేని మొగుడు మాత్రం నన్ను వదల్లేదు. హోటల్‌కి పోతే, ఒంటరి ఆడది నలుగురి మధ్య కూర్చోకూడదు. పచ్చ కర్టెన్ వేలాడే ఫ్యామిలీ రూం చూపించేవాళ్ళు. సప్లయర్ "ఎంతమందమ్మా?" అనేవాడు. "ఇద్దరం. ఆయనొస్తడు" అనేదాన్ని. రెండు గ్లాసుల నీళ్ళు పెట్టి పోయేవాడు. నేను కర్టెన్ వెనక తినేసి, రెండు గ్లాసులూ తాగేసి, "ఏదో పని పడ్డట్టుంది" అని గొణుక్కుంటూ బయటపడేదాన్ని. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ వెనక సీటు మనిషి ఎంతో మంచివాడైపోయాడు. అరవడు, అనుమానించడు, కిటికీ మూయమనడు. ఒకసారి ఒకామెతో, "ఇట్ల తిరుగుడంటే మా ఆయనకు మస్తు ఇష్టం, ఆయనే తీస్కొస్తడు" అని కూడా చెప్పాను. చెప్పాక నామీద నాకు అసహ్యం వేసింది. తిరిగేది నేను. ధైర్యం చేసింది నేను. ఆ పేరేమో తీసుకుపోయి మొగుడి ఖాతాలో వేస్తున్నాను.

ఇప్పపూల బుట్టలతో, తునికాకు కట్టలతో కోయ ఆడవాళ్ళు ఎక్కేవాళ్ళు. వాళ్ళలో ఒకామె ఒక్కతే వచ్చేది, బుట్ట కాళ్ళ దగ్గర పెట్టుకునేది, బయటికి చూస్తూ కూర్చునేది. ఎంబడి ఎవరొచ్చిండ్రని ఆమెను ఎవరూ అడిగేవాళ్ళు కాదు. మొదట్లో నాకు అసూయగా ఉండేది. తర్వాత అర్థమైంది, అడగకపోవడం మర్యాద వల్ల కాదు, మనిషి కింద లెక్కేయక. నన్ను అడిగేవాళ్ళూ ఆమెను అడగనివాళ్ళూ ఒకరే. అది తెలిశాక కూడా "ఒక్కదాన్నే వచ్చిన" అనే మాట నా నోట్లోంచి రాలేదు. గొంతు దాకా వచ్చేది, ఆ నవ్వు గుర్తొచ్చి మింగేదాన్ని. ఆ మాట అనకుండానే ముసలిదాన్నై పోతానేమోనని దిగులు పడేదాన్ని.

తొంభైలు వచ్చాయి. ఒక రెండో శనివారం పాల్వంచలో బస్సు మారి, భద్రాచలం బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. నా తర్వాత ఎక్కేవాళ్ళ మధ్య ఆయన కనిపించాడు. జుట్టు పలచబడింది, పొట్ట వచ్చింది. నన్ను చూసి ఒక క్షణం ఆగాడు. నేను తల తిప్పుకున్నాను. ఆయన నన్ను దాటుకుని పోయి వెనక కూర్చున్నాడు. పదేళ్ళకు పైగా నేను ఆడుతున్న అబద్ధం, ఆ రోజు చొక్కా తొడుక్కుని వచ్చి నిజంగానే వెనక సీట్లో కూర్చుంది.

పక్కన కొత్తగా పెళ్ళైన అమ్మాయి. "అక్కా, నీ ఎంబడి ఎవరొచ్చిండ్రు?" అంది. నేను జవాబు చెప్పేలోపు కండక్టరు వచ్చాడు. ఆ అమ్మాయి గడ్డం వెనక్కి తిప్పింది. నేను నోటు చాపాను. కండక్టరు తీసుకోలేదు.

"నీ టికెట్ మీ ఆయన తీసిండు గదమ్మా, ఎనక. సారపాకకు."

సారపాక! నేనెక్కడికి పోతున్నానో అడగలేదు, కనుక్కోలేదు. తాను దిగే చోటికి నాకూ తీశాడు. పశ్చాత్తాపం కావచ్చు, పాత పెత్తనం కావచ్చు, నాకు ఇప్పటికీ తెలియదు. ఇన్నాళ్ళూ నేను కోరుకున్నది అచ్చంగా ఇదే. గడ్డం ఒక్కసారి తిప్పితే సరిపోయేది.

"నాకు ఆయన లేడు" అన్నాను. గొంతు నేననుకున్నదానికంటే పెద్దగా వచ్చింది. "నా ఎంబడి ఎవరు లేరు. ఒక్కదాన్నే వచ్చిన. భద్రాచలం పోవాలె. నాకు టికెట్ కొట్టు."

"మరి తీసిన టికెట్ ఏం జెయ్యాలె?"

"తీసినాయన్నే అడుగు."

కండక్టరు నా ముఖం చూసి, వెనక్కి చూసి, టికెట్ కొట్టిచ్చాడు. ఎవరూ నవ్వలేదు. పక్కనున్న అమ్మాయి మాత్రం తన సంచిని నా వైపు నుంచి తీసి అటు పెట్టుకుంది. నాకేదో అంటురోగం ఉన్నట్టు అటే జరిగి కూర్చుంది.

సారపాకలో బస్సు ఆగింది. వెనకనుంచి ఆ చప్పుడు వినిపించింది, నాలుకతో, టక్ టక్. నా మోకాళ్ళు కదిలాయి. సీటు కమ్మీ గట్టిగా పట్టుకున్నాను. లేవలేదు. కానీ కదిలాయి. ఇన్నేళ్ళు ఊళ్ళు తిరిగి, ఇసుకలో నడిచి, నాతో నేను నవ్వుకోవడం నేర్చుకున్నా, నా మోకాళ్ళు ఇంకా ఆయన మాటే వింటున్నాయి. ఆయన మీదకంటే వాటి మీద నాకు ఎక్కువ కోపం వచ్చింది. ఆయన దిగాడు, బస్సు కదిలింది, వంతెన ఎక్కింది. కింద గోదావరి కనిపించేదాకా నేను కమ్మీ వదల్లేదు.

భద్రాచలంలో దిగి హోటల్‌కి పోయాను. సప్లయర్ అలవాటుగా కర్టెన్ వైపు చెయ్యి చూపించాడు. నేను నలుగురి మధ్య ఖాళీగా ఉన్న బల్ల దగ్గర కూర్చున్నాను.

"ఎంతమందమ్మా?"

"ఒక్కదాన్నే."

ఒక గ్లాసు నీళ్ళు పెట్టాడు. తాగాను. ఎండలో వచ్చానేమో, దాహం తీరలేదు. ఇంకో గ్లాసు అడిగి తాగాను.