నాకు దక్కిన హెలికాప్టర్

వాయుసేన శిక్షణలో మొదటి దశ ముగిశాక, ఎవరు ఏది నడపాలో తేల్చే జాబితా గోడకు అంటించారు. యుద్ధవిమానాలు, రవాణా విమానాలు, హెలికాప్టర్లు. నా పేరు హెలికాప్టర్ల కింద ఉంది. అప్పటికే గిద్దలూరులో చుట్టాలందరికీ యుద్ధవిమానమే నడుపుతానని చెప్పుకున్నాను.

సెలవుకు ఇంటికొచ్చి రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. నాయన మార్కాపురం బస్సు నడిపేవాడు. మూడో రోజు డ్యూటీకి పోతూ నన్నూ రమ్మన్నాడు. కంభం దాటాక, ఆయన వెనక సీటులో కూర్చుని అసలు సంగతి చెప్పాను. ఆయన రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

“దాంట్లో ఎంతమంది పడతారు?” అని అడిగినాడు.

పదిమందికి పైనే అన్నాను.

“మరి ఏందమ్మా నీ బాధ? ఒక్కదానివే పోయేదానికన్నా పదిమందిని తీసకపోయేది తక్కువైందా?”

ఓదార్చడానికి అంటున్నాడనుకున్నాను. నాకు ఏడుపు ఆగలేదు.

మూడేళ్లకు ఒక వరదలో మా హెలికాప్టర్‌ను పంపారు. నీళ్లు చుట్టుముట్టిన బడి మిద్దె మీద ఒక నిండు చూలాలు, ఆమె అత్త ఉన్నారు. గాలి తోసేస్తున్నా హెలికాప్టర్‌ను వాళ్ల నెత్తిన కదలకుండా నిలపాలి. కోడలు పైకి చేరేదాకా, మేము కిందికి వదిలిన తాడును అత్త ముట్టలేదు. చివరికి ఆమె కూడా ఎక్కి, తడి చెయ్యి నా భుజం మీద వేసి ఏదో అంది. ఇంజను హోరులో వినబడలేదు. ఆ చెయ్యి మాత్రం దిగేదాకా తియ్యలేదు. ఆ తర్వాత యుద్ధవిమానం కోసం నేను బాధపడలేదు.

నిరుడు పై అధికారి పిలిచి రెండు దారులు చెప్పారు: కొత్త హెలికాప్టర్లను పరీక్షించే పైలట్ కావడం, లేదా కొత్తవాళ్లకు నేర్పడం. మొదటిదానికే పేరెక్కువ. నేను నేర్పడమే కోరుకున్నాను. ఫోన్‌లో చెబితే, అప్పటికే రిటైరైన నాయన చాలాసేపు మాట్లాడాడు. తానూ కొత్త డ్రైవర్లకు నేర్పినవాడే.

“వాళ్లు తడబడంగానే నువ్వు అందుకోవద్దు. రోంత ఓర్చుకో. అట్లయితేనే వాళ్లకు చెయ్యి కుదురుతాది.”

పోయిన వారం నా దగ్గర నేర్చుకుంటున్న ఒక అమ్మాయి మొదటిసారి హెలికాప్టర్‌ను గాలిలో నిలపబోయింది. అది పక్కకు జారింది, ముక్కు ఊగింది. నా చేతులు నా ముందున్న కంట్రోళ్ల మీదికి పోబోయాయి. బలవంతాన ఆపుకున్నాను. ఊగుడు తగ్గింది. నేలకు పదడుగుల ఎత్తున నిలకడగా నిలిచింది. ఆ అమ్మాయి ముందుకే చూస్తోంది.

“బాగుంది, ఇంకాసేపు ఉంచు” అన్నాను.