మామగారి కారులో ఎర్ర దీపం

చనిపోయిన మనిషిని పట్టపగలు, అమీర్‌పేటలో, మా అపార్టుమెంటు సెల్లార్లో నేనే వెనక్కి రప్పించాను. మంత్రంతో కాదు, స్పానర్‌తో. నేను కోచింగ్ సెంటర్లో చరిత్ర చెప్పి బతికేవాణ్ణి, దయ్యాలను నమ్మనివాణ్ణి. ఆ రెండూ గుర్తుపెట్టుకుని చదవండి, నవ్వడానికి వీలుగా ఉంటుంది.

మా మామగారికి ఒక నల్ల కారు ఉండేది. గేరు స్టీరింగు పక్కన ఉండే పాతకాలపు రకం. ఆదివారం పొద్దున ఆయన దాన్ని తుడిచి, చుట్ట వెలిగించి, అత్తగారిని పక్కన కూర్చోబెట్టుకుని బల్కంపేట ఎల్లమ్మ గుడి దాకా వెళ్లి వచ్చేవారు. దానికి అంతకు మించి పనిలేదు. నేను బానెట్ దగ్గరికి వెళ్తే చాలు, "అల్లుడుగారూ, మీరు పుస్తకాలు చూసుకోండి" అనేవారు. ఆయనకు బోల్టులంటే ప్రాణం. మా ఇంట్లో దేవుడి పటాలు కూడా మేకులకు వేలాడవు, బోల్టులతో బిగించి ఉంటాయి.

ఆయన పోయిన ఎనిమిది నెలలకు అపార్టుమెంటు సంఘం నుంచి నోటీసు వచ్చింది. నడవని బళ్లను ఆదివారంలోగా సెల్లార్ నుంచి తీసేయాలి. తుక్కు కొనేవాడు అప్పుడే వచ్చి టైరును కాలితో తన్ని చూసి వెళ్లాడు. ఆ రోజు భోజనం వడ్డిస్తూ అత్తగారు, "నడిస్తే ఉంచనిస్తారటగా బాబూ?" అన్నారు. ఆవిడ నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి.

శుక్రవారం సెలవు పెట్టాను. ముందు కారు కడిగాను, తర్వాత బానెట్ ఎత్తి లోపల తుడిచాను. ఇంజన్ పక్కన జిడ్డుపట్టి నల్లగా, జడలా అల్లిన తాడు ఒకటి కనబడింది. దిష్టితాడు! బంపరుకు కడితే ఎవరైనా చూస్తారని మామగారు లోపల దాచుకున్నారన్నమాట. రెండు చివర్లా బోల్టులున్నాయి. దిష్టితాడుకి బోల్టులెందుకని మీరు అడుగుతారు. నేను అడగలేదు. ఆయన సంగతి తెలుసు కదా. విప్పేసి, పైకి తీసుకెళ్లి, "మామగారి మూఢనమ్మకం బయటపడింది" అని అత్తగారికి చూపించాను. పారేయబోతే ఆవిడ నా చేతిలోంచి లాక్కున్నారు.

"ఆయన చేత్తో కట్టింది. ఇటివ్వండి."

తర్వాత కొత్త బ్యాటరీ బిగించాను. లైట్లు వెలిగాయి, హారన్ మోగింది. ఇంజన్ తిప్పడానికి సెల్ఫ్ కొట్టాను. టిక్ మంది, అంతే. డాష్‌బోర్డులో ఒక ఎర్ర దీపం మసగ్గా వెలుగుతోంది. కీ తిప్పినప్పుడల్లా కన్ను మూసినట్టు ఆరిపోయి, వదిలితే మళ్లీ తెరుచుకుంటోంది. చల్లబడిన ఇంజన్ లేవడానికి లాగే చోక్ ఒకటుంటుంది. దాని పిడి లాగుదామని పట్టుకుని, వదిలేశాను.

వెచ్చగా ఉంది. ఇప్పుడే ఎవరో పట్టుకుని చెయ్యి తీసినట్టు.

సెల్లార్లో నేను తప్ప ఎవరూ లేరు. మళ్లీ సెల్ఫ్ కొట్టాను. పిడి ఇంకా వేడెక్కింది. డాష్‌బోర్డు కింద నుంచి సన్నగా పొగ వచ్చింది. బాధ్యత గల అల్లుడు చేయాల్సిన పనే చేశాను. తలుపు కూడా వేయకుండా పైకి పరిగెత్తాను.

అత్తగారు నెమ్మదిగా కిందికి దిగి, కారులో తన సీట్లో కూర్చుని వాసన చూశారు.

"చుట్ట మానలేదన్నమాట" అన్నారు.

"అత్తయ్యగారూ, అది వైరు కాలిన వాసన."

"నలభై రెండేళ్లు కాపురం చేశాను. ఆ వాసన నాకు తెలీదూ?" చోక్ పిడి మీద చెయ్యి వేసి, తీయలేదు. "ఏమండీ, కారు ఇచ్చేయమంటారా? బాబూ, తిప్పండి."

తిప్పాను. దీపం ఆరింది.

"వద్దంటున్నారు" అన్నారు. "మమ్మల్ని వదిలి వెళ్లిపోతారా?"

తిప్పాను. ఆరింది. ఆవిడ ముఖం నేను ఎనిమిది నెలలుగా చూడని ముఖంలా మారింది.

నేను ఊరుకోవచ్చు కదా. పరీక్షించి చూద్దామని, శాస్త్రం కోసమే సుమా, గొంతు సవరించుకుని అడిగాను.

"మామగారూ, నేనంటే మీకు ఇష్టమేనా?"

తిప్పాను. దీపం ఆరింది. ఆరితే కాదని అర్థమని అప్పటికే ఖాయమైపోయింది.

"పెద్దాయన మాటలకేం గానీ, బాధపడకండి" అన్నారు అత్తగారు. మధ్యాహ్నం నాకు అన్నం సయించలేదు.

శనివారం పంజగుట్ట నుంచి జంగయ్యను పిలుచుకొచ్చాను. పాత కార్ల కరెంటు పని తెలిసిన మనిషి. పొగ సంగతి, పిడి సంగతి, దీపం సంగతి అన్నీ చెప్పాను. ఇష్టాయిష్టాల సంగతి చెప్పలేదు.

"సార్, లైట్లు మస్తుగున్నయ్, హారన్ సుత కొడ్తున్నది. బ్యాటరీ ఫికర్ లేదు" అంటూ ఒక లావు వైరు తీసి, ఒక చివర బ్యాటరీకి, ఇంకో చివర ఇంజన్‌కి ఆనించాడు. "గిప్పుడు కొట్టుండ్రి సెల్ఫ్."

ఇంజన్ గిర్రున తిరిగింది.

"ఇంజన్‌కి ఎర్త్ లేదు సార్. కరెంటు పోతే సరిపోతదా? మళ్ల వాపస్ రావాలె గద. తొవ్వ లేక చోక్ వైరుల కెళ్లి వస్తున్నది. గందుకే గరమైతున్నది, పొగొస్తున్నది. దీపం ఆరుడు సుత గా లొల్లే." వంగి చూశాడు. "గీడ రాగి పట్టీ ఉండాలె, అల్లినట్టుంటది. ఎవడిప్పిండు సార్?"

నేను బానెట్ లోపలికి చాలా శ్రద్ధగా చూశాను.

"గా ఇప్పినోనికి జర బుద్ధి ఉండాలె" అన్నాడు జంగయ్య.

అత్తగారు పైకి వెళ్లి వచ్చారు. చేతిలో ఆ తాడు. మామగారి పటం దగ్గర పెట్టినట్టున్నారు, దాని మీద కుంకుమ బొట్టుంది. జంగయ్య ఒక్క క్షణం తాడును, ఆవిడను, నన్ను చూశాడు. బొట్టు చెరపకుండా బిగించాడు. రెండు బోల్టులు.

కారు స్టార్టయింది. ఎర్ర దీపం ఆరింది, ఈసారి ఇంజన్ నడుస్తుంటే ఆరాల్సిందే కాబట్టి. ఆదివారం పొద్దున నేనే నడిపాను. బల్కంపేట దాకా అత్తగారు తన సీట్లో చోక్ పిడి వైపు చూస్తూ కూర్చున్నారు. గుడి ముందు ఆపాక చోక్ పిడి మీద చెయ్యి వేసి చూశారు.

"చల్లగా ఉంది" అన్నారు.

"బాగైంది కదా అత్తయ్యగారూ."

"అవునవును. బాగైంది." తలుపు తీయబోయి ఆగారు. "అల్లుడుగారూ, ఎప్పుడైనా తీరిక ఉన్నప్పుడు ఆ తాడు మళ్లీ తీస్తారా? ఒక్క అయిదు నిమిషాలు."

కారుకి నిప్పంటుకుంటుందని చెప్పాల్సింది. స్పానర్ కనబడటం లేదని చెప్పాను.

కనుక పాఠకుల సాక్షిగా, ఎల్లమ్మ తల్లి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. బోల్టుతో బిగించి ఉన్నదాన్ని మూఢనమ్మకమని ఇక ఈ జన్మలో విప్పను. జవాబు తెలియని ప్రశ్న మామగారిని అడగను. స్పానర్ మాత్రం నా పుస్తకాల వెనక ఉంది. దయచేసి అత్తగారికి చెప్పకండి.