మాట పడిపోయిన ఖాసింబీ

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. నర్సుగా ఎన్నో చావులు దగ్గరుండి చూశాను. పోయినవాళ్లెవరూ తిరిగొచ్చి నాతో మాట్లాడలేదు. అయితే ఇది పోయినవాళ్ల సంగతి కాదు. బతికున్న మనిషి సంగతి.

అప్పుడు నరసరావుపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేసేదాన్ని. అక్కడ పక్షవాతానికి ఒక కొత్త ఇంజెక్షన్‌ను రోగుల మీద పరీక్షించేవారు. ఆ పరీక్షకు ఒప్పుకుంటే వైద్యం ఉచితం. అందుకే చేరేవాళ్లంతా లేనివాళ్లే.

నకరికల్లు నుంచి ఖాసింబీని తెచ్చారు. బట్టలు కుట్టి పిల్లల్ని పెంచిన మనిషి. మాట పూర్తిగా పడిపోయింది. తల కూడా కదల్చలేదు. "మా వల్ల ఏమవుద్ది మేడమ్, మీరేం చేసినా సరే" అని కొడుకు ఒప్పుకుని పనికి వెళ్లిపోయాడు. ఆమెను ఎవరూ అడగలేదు. ఎలాగూ చెప్పలేని మనిషి కదా అనుకున్నాం.

మధ్యాహ్నం. కూతురు రమీజా టీ కోసం కిందికి వెళ్లింది. గదిలో మేమిద్దరమే. సిరంజి సిద్ధం చేసుకుని ఖాసింబీ చెయ్యి పట్టుకున్నాను.

"నాకొద్దమ్మా."

ముసలి ఆడగొంతు. నా వీపు వెనక నుంచి, స్పష్టంగా.

నా కళ్లు ఖాసింబీ ముఖం మీదే ఉన్నాయి. ఆమె పెదాలు కదల్లేదు. వెనక్కి తిరిగాను. ఎవరూ లేరు. తలుపు వేసే ఉంది. సిరంజి ట్రేలో పడేశాను.

అంతలో తలుపు తోసుకుని రమీజా పరిగెత్తుకొచ్చింది.

"సిస్టర్, మా అమ్మకి మాటొచ్చిందా? మెట్ల మీదికి ఇనపడింది!"

"ఏమని?"

"మేరేకు నక్కో అని. నాకొద్దంటంది."

వాళ్లింట్లో మాట్లాడేది ఉర్దూ. నాకు ఆ భాష ముక్క రాదు. నేను విన్నది తెలుగు.

డాక్టరుగారికి చెప్పాను. "సరిగ్గా నిద్రపోతున్నావా? కొడుకు ఒప్పుకున్నాడుగా, ఇచ్చెయ్" అన్నారు. రమీజా మంచానికి అడ్డంగా నిలబడింది.

"మా అమ్మ వద్దంది సార్. ఇంకెవరు ఒప్పుకుంటే ఏంది?"

ఆ సాయంత్రమే తల్లిని ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లిపోయింది. ఆ గదిలోకి ఒంటరిగా వెళ్లడానికి ఆ తర్వాత నాకు ధైర్యం చాల్లేదు. కొన్నాళ్లకు అక్కడ ఉద్యోగం మానేశాను.

ఆ గొంతు ఎవరిదో తేల్చుకోకపోతే పిచ్చెక్కేలా ఉందని ఒకరోజు నకరికల్లు వెళ్లాను. ఖాసింబీ వసారాలో గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. మాట రాలేదు గానీ అన్నీ అర్థమవుతున్నాయి. అడిగినదానికి ఇప్పుడు తల ఊపి జవాబు చెబుతోంది. నన్ను గుర్తుపట్టి చెయ్యి పట్టుకుంది.

"పెద్దమ్మా, ఆ రోజు వద్దన్నది నువ్వే గదా?" అని అడిగాను.

ఆమె మెల్లగా తల అడ్డంగా ఊపింది.

సరిగ్గా వినలేదేమోనని రమీజా వాళ్ల భాషలో మళ్లీ అడిగింది. ఈసారి ఖాసింబీ గట్టిగానే ఊపింది, కాదని. నా చెయ్యి పట్టుకున్న ఆమె వేళ్లు చల్లబడ్డాయి. ఆ మనిషి కూడా భయపడుతోందని అప్పుడర్థమైంది.

మరి ఆ మాట అన్నదెవరో ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు.