ఎప్పట్నుంచి అని అడిగిన సూర్యకుమారి

కెనడాలోని గ్వెల్ఫ్‌లో మా బేస్‌మెంట్‌లో సూర్యకుమారిని ఆటపట్టించని వాళ్ళు లేరు. స్టూడెంట్లు వరదలా వచ్చిపడిన 2022లో రెండు గదుల్లో ఆరుగురం ఉండేవాళ్ళం. ఆమె కాకినాడలో నర్సింగ్ చదివి, జపాన్ ఉద్యోగం కోసం ఆర్నెల్లు ఆ భాష నేర్చుకుంది. ఉద్యోగం రాలేదు, కెనడా వీసా వచ్చింది. అయినా ఆస్పత్రిలో పనికొచ్చే జపనీస్ మాటలు రాసుకున్న నోట్‌బుక్‌ను మాత్రం రోజూ బట్టీ పట్టేది.

"దేశంకాని దేశమొచ్చి ఇంకో దేశం భాషెందుకే?" అనేదాన్ని నేను. మూతి తిప్పుకునేది.

పై అంతస్తులో ఇంటి ఓనర్ నవోమి, ఆమె తల్లి ఎనభై రెండేళ్ళ మిచికో గారు ఉండేవాళ్ళు. పెద్దావిడకు జపనీస్ తప్ప మరో భాష రాదు. నవోమి ఆఫీసు పనిమీద వేరే ఊరు వెళ్ళినప్పుడు, ఒక ఆదివారం ఆవిడ పొట్ట పట్టుకుని మెట్ల మీద కూలబడి కనిపించింది. నేనూ సూర్యకుమారీ ఆవిడని తీసుకుని టాక్సీలో ఆస్పత్రికి పరిగెత్తాం.

డాక్టర్ పొట్ట నొక్కారు. ఆవిడ నవ్వి, "దైజోబు" అంది. బాగానే ఉన్నానని అర్థమట. మళ్ళీ నొక్కితే మళ్ళీ అదే నవ్వు, అదే మాట. ఫోన్లో అనువాదకులు దొరకలేదు. అజీర్తి కావచ్చు, ఇంటికి తీసుకెళ్ళండన్నారు. హమ్మయ్య అని నేను లేచాను.

సూర్యకుమారి లేవలేదు. నొప్పి ఉందా అని కూడా అడగలేదు. ఆవిడ మీదికి వంగి, "ఇత్సు కారా?" అంది. ఎప్పట్నుంచి అని.

మిచికో గారి నవ్వు ఆగిపోయింది. "కినో కారా."

నిన్నట్నుంచట! లేని నొప్పికి నిన్నెక్కడిది? పెద్దావిడ సూర్యకుమారి చెయ్యి లాక్కుని పొట్ట కింది భాగంలో కుడివైపు పెట్టుకుంది. "ఇతాయ్, ఇతాయ్", నొప్పి నొప్పి అని భోరుమంది. ఇక చూడండి, స్కానింగ్‌కి ఒకటే ఉరుకులు! అపెండిక్స్ చిట్లడానికి సిద్ధంగా ఉందట. గంటలో ఆపరేషన్ థియేటర్‌లోకి తీసుకెళ్ళారు.

గండం గడిచిందని తెలియగానే సూర్యకుమారిని పట్టుకుని వరండాలో గిరగిరా తిప్పేశాను. నర్సు కళ్ళెర్రజేసినా ఆగలేదు. అంత సంతోషం నాకు వీసా వచ్చిన రోజు కూడా కలగలేదు.

"అలా అడగాలని నీకెలా తోచిందే?" అన్నాను ఆయాసపడుతూ.

"మా అమ్మమ్మని నొప్పిగా ఉందా అని అడిగానే. ఏం లేదు, వెళ్ళిరా అంది. నేను కాలేజీకి వెళ్ళిపోయాను. తిరిగొచ్చేసరికి అమ్మమ్మ లేదు."