ఇరవై ఆరు అనప మొక్కల లెక్క

పోయినవేవో ముందు చెబుతాను. ఇరవై ఆరు అనప మొక్కల్లో ఏది ఎవరిదన్న వివరం పోయింది. యాభై ఎనిమిది బడిరోజులు పిల్లలు స్కేలు పెట్టి కొలిచిన పన్నెండు వందల ఎనభై ఏడు కొలతలకు సొంతదారులు పోయారు. ఎండకూ ఎదుగుదలకూ ఉన్న సంబంధం చూపే గ్రాఫు పోయింది. అయితే ఒక్క అంకె కూడా చెరిగిపోలేదు. అందుకే నాకు వెంటనే తెలియలేదు.

నేను మూకండపల్లిలో ఒక చిన్న వర్క్‌షాపులో స్టోర్స్ చూస్తాను. చదువు పదో తరగతి దాటలేదు. కంప్యూటర్‌లో పట్టికలు వేయడం సరుకు లెక్కలతో కుస్తీపడి నేర్చుకున్నాను. దగ్గరి బడి హెడ్‌మిస్ట్రెస్ అడిగితే శనివారం మధ్యాహ్నాలు ఏడో తరగతి పిల్లలకు టాబ్లెట్‌లో పట్టిక నింపడం, గ్రాఫు గీయడం నేర్పేవాణ్ణి. ఒకే సంచిలోని అనపగింజలు పంచాం. పదమూడు మంది కార్మికుల లైను ఇళ్ల మిద్దెల మీద పెయింటు డబ్బాల్లో వేశారు. పదమూడు మంది కెలవరపల్లి పక్క తమ చేల గట్ల మీద వేశారు.

"చలికాలపు అనపకు ఇది కాలమా అప్పా?" అని ఒక రైతు నవ్వాడు. కాలం తప్పితే ఏమవుతుందో చూడడమే పాఠం అన్నాను.

పిల్లలు రోజూ ఇంట్లో కొలిచి, బడికి వచ్చి తమ వరుసలో అంకె కొట్టేవారు. పై వరుసలో ఆనాటి ఎండ ఎన్ని డిగ్రీలో ఉండేది. "నోటుబుక్కు అక్కర్లేదు, ఇది మరిచిపోదు" అన్నది నేనే.

ఎండలు ముదిరాక మిద్దెల మీద తొమ్మిది మొక్కలు ఎండిపోయాయి. వాటిలో ఒకటి, తండ్రికి పని పోవడంతో సామల్పట్టి అనే ఊరికి వెళ్లిపోయిన పాపది. ఒక శనివారం పొద్దున ఆ పాప వాళ్లమ్మ ఫోన్ నుంచి మాట్లాడింది.

"సార్, మిద్దె మీద చెట్టు పెంచినానంటే ఈడ కొత్త బడిలో ఎవురూ నమ్మల్యా. నవ్వుతా ఉండారు. టీచరు లెక్క తెమ్మనింది. సోమారం చూపించల్ల. నా వరుస పంపండి సార్."

పేర్లు పట్టికలో చేరిన క్రమంలో ఉన్నాయి. వెతకడం సులువని పేర్లను మాత్రమే అక్షర క్రమంలో పెట్టమన్నాను. మిగతా అంకెలను కూడా వాటితో జరపాలా అని టాబ్లెట్ అడిగింది. అంకెలను కదిలించడం దేనికని వద్దన్నాను. స్టోర్స్ అలవాటుగా మొత్తం కూడి చూశాను. ముందు ఎంతో, తర్వాతా అంతే. నిశ్చింతగా ఆమె పేరు ఎదుటి వరుస పంపాను. పది నిమిషాల్లో మళ్లీ ఫోన్.

"ఇది నాది కాదు సార్."

"నీ పేరు ఎదుటే ఉందమ్మా. మొత్తం కూడా సరిపోయింది."

"నా చెట్టు చచ్చిపోయింది గదా సార్. ఇది ఇంకా పెరగతానే ఉంది!"

మూటల మీది చీటీలు మార్చేసి, మూటలు లెక్కకు సరిపోయాయని మురిసిపోయాను నేను. పాత కాపీ దాచుకోవడం, చేసింది వెనక్కి తిప్పడం అప్పటికి నాకు తెలియదు.

మధ్యాహ్నం తరగతిలో ఒప్పుకున్నాను. "మాకైతే మార్కులు కోస్తారు. మీకెంత కోయల్ల సార్?" అని వెనక బెంచీ అడిగింది. ఆ సాయంత్రమే పిల్లలు బతికిన పదిహేడు మొక్కలూ కొలిచి చెప్పారు. చివరి అంకెలతో పోల్చితే పదిహేడు వరుసలు దొరికాయి. చనిపోయిన వాటిలో ఎవరిది ఏ రోజు పోయిందో వాళ్లకే గుర్తుంది. కొళాయి రాని రోజని ఒకరు, నాయన డ్యూటీ నుంచి వచ్చి చూసిన రోజని ఒకరు. అలా ఏడు దొరికాయి. మిగిలినవి రెండు. రెండూ ముప్పై నాలుగో కొలతతో ఆగిపోయాయి. ఒకటి పంతొమ్మిది సెంటీమీటర్ల దగ్గర, ఇంకొకటి ఇరవై మూడు దగ్గర. ఒకటి ఆ పాపది, ఇంకొకటి ముందు బెంచీ అబ్బాయిది. మరునాడు అబ్బాయిని పక్కన పెట్టుకుని స్పీకర్‌లో ఫోన్ చేశాను.

"నాదే పొడుగు సార్" అన్నాడు వాడు.

"యాడ పొడుగు? నీ డబ్బా పొడుగు, చెట్టు కాదు!"

"ఊరిడిసి పోయినాక పెరిగిందా నీ చెట్టు?"

"నాకూ సరిగ్గా గుర్తు లేదు సార్" అంది పాప చివరికి.

ఇరవై మూడు రాసుకొమ్మన్నాను. హెడ్‌మిస్ట్రెస్ అయితే, "సరాసరి ఇరవై ఒకటి వేసుకోమను అప్పా" అంది. ఆ రెండు మొక్కల్లో ఏదీ ఆ ఎత్తు దగ్గర ఆగలేదు. పాప రెండింటికీ ఒప్పుకోలేదు. "వద్దు సార్. తప్పు చెప్తే మళ్లీ నవ్వుతారు."

సోమవారం ఆమె, నేను మళ్లీ గీసి పంపిన గ్రాఫులో ముప్పై నాలుగు రోజుల ఎండలు, చేల గట్ల మొక్కల గీతలు, మిద్దెల మీద ఒక్కొక్కటే ఆగిపోయిన గీతలు చూపించింది. తన మొక్క ఎత్తు గడి మాత్రం ఖాళీగా వదిలిందట. సాయంత్రం నేనే ఫోన్ చేశాను.

"నమ్మినారా అమ్మా?"

"నమ్మినారు సార్. ఎత్తెంతని టీచరు అడిగింది. మా సార్ చూసి చెప్తాడని చెప్పినాను."

చేల గట్ల మీది అనప కాయలు కోసుకుని తినేశారు కూడా. ఆ రెండు వరుసలు నేను ఇంకా తెరిచి చూస్తూనే ఉంటాను. పంతొమ్మిదికీ ఇరవై మూడుకీ నడుమ నాలుగు సెంటీమీటర్లు. ఏది ఆమెదో నేటికీ చెప్పలేదు.